బోటు ఫ్యాను నునుపు చేయడం ఎలా: ఇసుక రేవుల్లో పడవలు నడిపేవాళ్లకు

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో చాలా ఊళ్లకు జెట్టీ లేదు. బారువ, కళింగపట్నం, ముక్కాం, చింతపల్లి, ఎక్కడ చూసినా ఫైబర్ తెప్పలు ఇసుక మీద నుంచే కెరటాల్లోకి దిగుతాయి, మళ్లీ ఇసుక మీదికే వస్తాయి. రోజూ ఒడ్డెక్కి ఎండే పడవకు అడుగున గుల్లలు పట్టే బాధ తక్కువ. దానికి బదులు ఇంకో నష్టం ఉంది. కెరటం విరిగే చోట నీళ్ల నిండా ఇసుక లేచి ఉంటుంది. ఆ నీళ్లలో ఇంజను ఫ్యాను (ప్రొపెల్లర్) తిరిగినంతసేపూ రెక్కల అంచులు అరుగుతూనే ఉంటాయి. ఒక సీజను గడిచాక రెక్క ముందంచు మీద వేలు పెట్టి చూడండి, ఆకురాయిలా తగులుతుంది.

ఆ గరుకును ఎలా తీయాలి, ఎంతవరకు తీసి ఆపాలి, ఏ చోట అసలు చెయ్యి పెట్టకూడదు అన్నది ఇక్కడ వరసగా చెప్తాం. 9.9 లేదా 15 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను, దానికి 9 నుంచి 10 అంగుళాల అల్యూమినియం ఫ్యాను ఉన్నాయనుకుని చెప్తున్నాం. కంచు ఫ్యాను, పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజను ఉన్నవాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెప్తాం.

ఎంత నునుపు చాలు

ముందు ఒక లెక్క. ఫ్యాను వ్యాసం 235 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిదింపావు అంగుళాలు. ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతోంది. ఈ తరగతి ఇంజన్లలో చాలావాటికి గేరు నిష్పత్తి 2.08. అంటే ఫ్యాను నిమిషానికి దాదాపు 2400 చుట్లు, సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది. రెక్క కొస ఒక్క చుట్టుకు 738 మిల్లీమీటర్లు పోతుంది కాబట్టి దాని వేగం గంటకు 106 కిలోమీటర్లు. ఫ్యాను నడిమధ్య నుంచి కొస వైపు పది వంతుల్లో ఏడో వంతు దగ్గర చూసినా గంటకు 74 కిలోమీటర్లు. అప్పుడు పడవ పోయేది 7 నాట్లు, అంటే 13 కిలోమీటర్లు మాత్రమే.

నీటి రాపిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. కాబట్టి రెక్క మీద ఒక చదరపు అంగుళం గరుకు, పడవ అడుగున అంతే గరుకు కన్నా 30 రెట్లకు పైగా లాగుతుంది. పడవ అడుగుతో పోలిస్తే రెక్కల వైశాల్యం అరచేతులంత. అయినా వాటి మీద శ్రద్ధ పెట్టమనడం ఇందుకే.

ఇదే లెక్క ఎక్కడ ఆపాలో కూడా చెప్తుంది. లోహానికి ఆనుకుని కదిలే నీటిలో ఒక పలుచని పొర ఉంటుంది. గరుకు ఆ పొరలో మునిగిపోయేంత చిన్నదైతే నీటికి అది తెలియదు. మన తీరపు వెచ్చని ఉప్పునీటిలో, పైన చెప్పిన వేగానికి ఆ హద్దు సుమారు 4 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. 400 నంబరు వాటర్ పేపరుతో సరిగా రుద్దిన లోహం మీద మిగిలే గీతల లోతు కొద్ది మైక్రాన్లే. అంటే 400తో పని అయిపోయినట్టే. ఆపైన 1000, 2000 నంబర్లు, బఫింగు, అద్దంలా మెరిసే పాలిషు చూడ్డానికి బాగుంటాయి, వేగానికి ఏమీ కలపవు. పడవ అడుగుకైతే ఆ హద్దు ఇంకా సడలి 24 మైక్రాన్ల దాకా పోతుంది.

ఎంత వేగం వస్తుందన్నది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. బరువుతో నీళ్లను తోసుకుంటూ పోయే పడవకు కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. ఫ్యాను నునుపుతో 5 శాతం శక్తి మిగిలిందనుకుంటే, 8 నాట్ల పడవకు పెరిగే వేగం 0.13 నాట్లే. గంటకు పావు కిలోమీటరు. చేతికి తెలియదు, డబ్బాలో పెట్రోలుకు తెలుస్తుంది. ఖాళీ పడవతో నీటి మీదికి లేచి పరిగెత్తే తేలికపాటి బోట్లకు మాత్రం అదే 5 శాతం వేగంలో ఇంకొంచెం బాగా కనిపిస్తుంది.

ఇక అతి ముఖ్యమైన సంగతి. ఫ్యాను తోపు దాని వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. గంట్లు పోవాలని ఒక్కో రెక్క కొస నుంచి 3 మిల్లీమీటర్లు ఆకురాయితో తీసేస్తే 235 కాస్తా 229 అవుతుంది. ఆ ఒక్క పనితో అవే చుట్ల దగ్గర తోపు దాదాపు 10 శాతం పడిపోతుంది. నునుపుతో వచ్చేదానికన్నా ఎక్కువ పోగొట్టుకున్నట్టే. రెక్క ఆకారమే మీ ఆస్తి. గరుకు దాని మీద దుమ్ము లాంటిది. దుమ్ము తుడిచేటప్పుడు ఆస్తి అరగకూడదు.

ముందు కొలిచి రాసుకోండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఇంజను పెద్ద పనులకు అదే అదను. కానీ పనికి ముందూ వెనకా వేగాలు పోల్చి చూడాలంటే ఒక చిక్కుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు మన తీరం వెంట సముద్రపు ప్రవాహం ఈశాన్యానికి, అంటే ఒడిశా వైపు పోతుంది. వేట మళ్లీ మొదలయ్యేసరికి నైరుతి గాలి వచ్చేసి సముద్రం వేరేగా ఉంటుంది. మార్చిలో ఒక కొలత, జూన్‌లో ఒక కొలత తీసుకుని పోల్చితే ఫ్యాను గురించి ఏమీ తెలియదు. ఫ్యాను పని రెండు రోజుల్లో అయిపోతుంది కాబట్టి, కొలతలు కావాలనుకునేవాళ్లు నిషేధానికి ముందు వారంలోనే రెండు కొలతలూ ముగించుకోవడం మేలు.

తెల్లవారుజామున, గాలి లేవకముందు వెళ్లండి. నది మొగ దగ్గర వద్దు. వంశధార, నాగావళి మొగల్లో పోటుపాట్లకు నీటి వేగం గంట గంటకూ మారిపోతుంది. కెరటాలు దాటి కనీసం అర కిలోమీటరు లోపలికి పోయి, ఒడ్డుకు సమాంతరంగా నడపండి. పడవలో మనుషులు, డబ్బాలో ఇంధనం, వల బరువు రెండుసార్లూ ఒకేలా ఉండాలి. పూర్తి థ్రాటిల్ ఇచ్చి, వేగం నిలబడ్డాక ఫోను జీపీఎస్‌లో చూసి రాసుకోండి. వెనక్కి తిరిగి అదే దారిలో మళ్లీ రాసుకోండి. ఒక వైపు గంటకు 15.2 కిలోమీటర్లు, ఇంకో వైపు 11.4 వస్తే సగటు 13.3, అదే పడవ అసలు వేగం. ఇలా మూడు జతలు.

వేగంతో పాటు చుట్లు కూడా కావాలి. చిన్న ఇంజన్లకు చుట్ల మీటరు ఉండదు. స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టే చిన్న డిజిటల్ టాకోమీటరు ఆ పనికి చాలు. చుట్లు తెలియకుండా వేగం ఒక్కటే చూస్తే తరవాత వచ్చే తప్పులకు మూలం దొరకదు.

విప్పడం

ప్లగ్ టోపీలు పీకి పక్కన పెట్టండి. గేరులో ఉన్న ఇంజను ఫ్యానును చేత్తో తిప్పినా ఒక్కోసారి అంటుకుంటుంది, వేళ్లు పోతాయి. ఫ్యానుకూ, పైనున్న అడ్డ పలకకూ మధ్య చెక్క ముక్క పెట్టి నట్టు విప్పండి. స్ప్లిట్ పిన్ను పారేయండి, కొత్తది వేసుకోవాలి. వాషర్లు ఏ వరసలో, ఏ వైపు తిరిగి ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి.

ఫ్యాను పట్టేసి రాకపోతే తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా వదిలి, పొద్దున చెక్క సుత్తితో మొదలు దగ్గర చుట్టూ తట్టండి. రెక్కల మీద కొట్టకండి. మంట పెట్టి వేడి చేయకండి, లోపలి రబ్బరు బుష్ కాలిపోతుంది.

ఫ్యాను చేతికొచ్చాక షాఫ్టును చూడండి. మన వలల నైలాన్ దారం తెగి ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకుంటుంది. వేడికి కరిగి ఆయిల్ సీలును కోసేస్తుంది. దారం కనిపిస్తే మొత్తం తీసి, గేరు ఆయిల్ చుక్క వదిలి చూడండి. పాలు కలిపినట్టుంటే లోపలికి నీళ్లు దిగాయి. ఫ్యాను నునుపు సంగతి పక్కన పెట్టి ముందు సీలు మార్పించాలి.

ఇంజనుకు ఉండగానే ఫ్యానును రుద్దేస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. సరిపోదు. అలా చెయ్యి అందేది వెనక వైపు చూసే ముఖానికే. నీటిని తోసేది ఆ ముఖమే కాబట్టి అదే ముఖ్యమనిపిస్తుంది. నిజానికి పడవ వైపు చూసే ముఖం మీద నీటి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. గరుకు ఎక్కువ నష్టం చేసేది ఆ ముఖం మీద, అందులోనూ రెక్క బయటి సగంలో, ముందంచు పక్కన. అక్కడ గంటు ఉంటే ఒత్తిడి ఇంకా పడిపోయి నీళ్లు అక్కడికక్కడే ఆవిరి బుడగలవుతాయి. ఆ బుడగలు పగిలిన చోట లోహం గుంటలు పడుతుంది. ఇదే కావిటేషన్. ఫ్యాను విప్పితేనే ఆ ముఖం మీ చేతికి వస్తుంది.

కడిగి, పరీక్షించడం

మంచినీళ్లు, సబ్బు, గట్టి నైలాన్ బ్రష్. గుల్లలుంటే చెక్క బద్దతో లేపండి. అవి పోయాక మిగిలే తెల్ల సున్నపు మచ్చ మీద వెనిగర్ తడిపిన గుడ్డ కాసేపు వేసి, తుడిచి, నీళ్లతో కడగండి. బాత్‌రూమ్ యాసిడ్ వాడకండి. అల్యూమినియాన్ని అది తినేస్తుంది, కంచులో జింకును లాగేస్తుంది. ఇనుప తీగల బ్రష్ కూడా వద్దు. దాని ఇనుప రేణువులు మెత్తని లోహంలో దిగబడి, ఉప్పునీటిలో ఒక్కో రేణువు చుట్టూ ఒక్కో గుంట తయారవుతుంది.

ఆరాక, నీడలోకి తెచ్చి ఫోను టార్చిని రెక్కకు వాలుగా పట్టండి. నేరుగా వేసిన వెలుతురులో కనిపించని గీతలన్నీ వాలు వెలుతురులో నీడలు వేస్తాయి. వీటిని వెతకండి:

రెక్క మొదలు దగ్గర సన్నని పగులు ఉందా? ఉంటే ఆ ఫ్యాను పని అయిపోయింది. రుద్దితే పగులు మూసుకుపోయినట్టు కనిపిస్తుంది, నడి సముద్రంలో రెక్క ఊడుతుంది.

కంచు ఫ్యాను మీద రాగిలా గులాబీ రంగు మచ్చలున్నాయా? అక్కడ జింకు పోయి లోహం స్పాంజిలా మారింది. నునుపు చేస్తే లాభం లేదు. అరిగిపోయిన జింకు దిమ్మె (మిగతా లోహానికి బదులు ఉప్పునీటికి తాను కరిగిపోయేలా బిగించే ముక్క) ఎంతకాలం నుంచి మార్చలేదో చూసుకోండి.

మూడు రెక్కలూ ఒకే ఆకారంలో ఉన్నాయా? బాగున్న రెక్క చుట్టూ అట్ట మీద పెన్సిల్‌తో గీసి కత్తిరించి, మిగతా రెండిటి మీద పెట్టి చూడండి. ఈ అట్టను పారేయకండి, ఆకురాయి పట్టేటప్పుడు మళ్లీ కావాలి.

లోపలి రబ్బరు జారుతోందా? ఫ్యాను లోపలి ఇత్తడి గొట్టం నుంచి బయటి భాగం వరకు ఒకే తిన్నని గీత గీసి ఉంచండి. తరవాత ఒకసారి పూర్తి వేగంతో నడిపి చూస్తే, జారే ఫ్యానులో గీత రెండు ముక్కలై పక్కపక్కకు జరిగి ఉంటుంది. ఇంజను అరుస్తూ పడవ కదలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. పాపం నింద మాత్రం రెక్కల గరుకు మీద పడుతుంది.

ఆకురాయి, వాటర్ పేపరు

కావలసినవి: సగం గుండ్రటి ఆకురాయి ఒకటి, సుద్దముక్క, వాటర్ పేపర్లు 120 నంబరుది ఒకటి, 220వి రెండు, 320వి రెండు, 400వి రెండు, రంగు మీద రుద్దడానికి 600ది ఒకటి, సబ్బు చుక్క కలిపిన బకెట్ నీళ్లు. ఇవన్నీ ఆటోమొబైల్ పెయింట్ దుకాణంలో దొరుకుతాయి. కాగితాన్ని పట్టి రుద్దడానికి పాత హవాయి చెప్పు అట్టను మూడు అంగుళాల ముక్క కోసుకోండి. రెక్క వంపుకు తగ్గట్టు వంగుతుంది, వేళ్లతో రుద్దినప్పుడు పడే గాడులు పడవు.

గంట్లతో మొదలుపెట్టండి. ఆకురాయి పళ్ల మీద సుద్ద రుద్దితే అల్యూమినియం పొడి ఇరుక్కోదు. ఇరుక్కున్న పొడి కొత్త గీతలు చేస్తుంది. 2 మిల్లీమీటర్ల లోపు గంటును దాని రెండు పక్కలా నిదానంగా వాల్చి కలపండి, గంటు అడుగు దాకా మొత్తం అంచును తెగ్గోయకండి. అంతకన్నా లోతు గంట్లను అల్యూమినియం ఆర్గాన్ వెల్డింగు చేసేవాళ్ల దగ్గర నింపించి, తరవాత అట్ట ఆకారానికి తేవాలి.

రెక్క ముఖం మీద విడివిడిగా ఉన్న గుంటలు వేరు, పైకి లేచిన బొడిపెలు వేరు. బొడిపె నీటిని చెదరగొట్టినంతగా చిన్న గుంట చెదరగొట్టదు. కాబట్టి బొడిపెలన్నీ తీయండి, గుంటల అంచులు మాత్రం మొద్దుబార్చి వదిలేయండి. ప్రతి గుంటా మాయమయ్యేదాకా రుద్దితే రెక్క పలచబడి, బరువు మీద వంగుతుంది. యాంగిల్ గ్రైండరు ఈ పనికి పనికిరానిది కూడా ఇందుకే: ఒక్క క్షణంలో అర మిల్లీమీటరు పోతుంది, తిరిగి రాదు.

120 కాగితం గుంటలూ బొడిపెలూ ఉన్న చోట మాత్రమే వాడండి. 220 రెక్క మొత్తం మీద. ఎప్పుడూ నీళ్లలో ముంచి రుద్దండి, పొడి గాలిలో లేవదు, కాగితం పూడిపోదు. నంబరు మారిన ప్రతిసారీ రుద్దే దిశ మార్చండి. 220తో మొదలు నుంచి కొసకు రుద్దితే, 320తో అడ్డంగా రుద్దండి. పాత గీతలు మొత్తం పోయాయో లేదో అప్పుడే కనిపిస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 120 గీతలు పోకముందే 400కు దూకుతారు. పైన మెరుస్తుంది, లోపల లోతు గీతలు అలాగే ఉంటాయి.

ఆఖరి నంబరు మాత్రం నీరు పారే దారిలోనే రుద్దాలి. అంటే మొదలు చుట్టూ వంపు తిరుగుతూ, ముందంచు నుంచి వెనకంచు వైపు. గీతలు నీటికి అడ్డంగా కాకుండా దాని వెంటే ఉంటాయి.

రంగు వేయబోయే అల్యూమినియం ఫ్యానుకు 320 దగ్గర ఆగండి. అంతకన్నా నున్నగా ఉంటే ప్రైమరు పట్టదు. నునుపు సంగతి రంగు మీద చూసుకుంటాం. రంగు వేయని కంచు, స్టీలు ఫ్యానులకు 400 వరకు పోండి.

నునుపు చూడ్డానికి గోరు చాలు. గోరుకు తగలని చోట కాస్త దూది తీసుకుని ముందంచు నుంచి మెల్లగా లాగండి. పోగు చిక్కుకున్న చోట ఇంకా పని ఉంది. మొదలు దగ్గరి సగానికి ఎక్కువసేపు పెట్టకండి, అక్కడ వేగం తక్కువ కాబట్టి ఫలితమూ తక్కువే. మీ ఓపికంతా బయటి సగానికి పెట్టండి.

మూడు అంచులు, మూడు పద్ధతులు

ముందంచు కత్తిలా ఉండకూడదు. పదునైన అంచు మీదికి నీరు కాస్త వాలుగా వచ్చినా అక్కడే విడిపోయి కావిటేషన్ మొదలవుతుంది. కోడిగుడ్డు మొనలా, సుమారు ఒక మిల్లీమీటరు మందంతో గుండ్రంగా ఉండాలి. ఇసుకకు అరిగిన అంచు రెండు రకాలుగా చెడుతుంది: ఒకచోట పదునెక్కుతుంది, ఒకచోట చదునుగా మొద్దుబారుతుంది. అట్టతో పోల్చి రెండూ సరిచేయండి.

వెనకంచు దీనికి విరుద్ధం. గుండ్రంగా చేయకూడదు. నీరు అంచును చటుక్కున వదిలి పోవాలి. గుండ్రం చేస్తే నీరు అంచు చుట్టూ అటూ ఇటూ విడిపడుతూ రెక్కను ఊపుతుంది, కొన్ని ఫ్యానులు ఈల వేసినట్టు కూతపెడతాయి. మూల స్పష్టంగా ఉండేలా, ముళ్లు మాత్రం తీసి వదిలేయండి.

కొన్ని ఫ్యానులకు వెనకంచు దగ్గర సన్నని చెంచా అంచులా చిన్న వంపు ఉంటుంది. దాన్ని కప్ అంటారు. అది దెబ్బ తగిలి వంగింది కాదు, తయారీలోనే పెట్టింది. ఇనుప స్కేలు ఆనించి చూస్తే తెలుస్తుంది. తెలియక దాన్ని ఆకురాయితో చదును చేస్తే ఇంజను చుట్లు పెరుగుతాయి, పడవ పట్టు తప్పుతుంది. పని ముగిశాక పడవ నెమ్మదించిందని వచ్చేవాళ్లలో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది.

తూకం

ఒక రెక్క నుంచి ఎక్కువ లోహం పోతే ఫ్యాను ఊగుతుంది, బేరింగులూ సీలూ పోతాయి. రెండు ఇనుప స్కేళ్లను నిలువు అంచుల మీద, ఇటుకల మధ్య సమంగా నిలబెట్టండి. ఫ్యాను రంధ్రానికి సరిగ్గా ఇరుక్కునే కడ్డీ కావాలి. లేతు షాపులో రెండు నైలాన్ శంకువులు తిప్పించుకుంటే కడ్డీ నట్టనడుమ కూర్చుంటుంది. స్కేళ్ల మీద పెట్టి మెల్లగా తోయండి. ప్రతిసారీ ఒకే రెక్క కిందికి వచ్చి ఆగితే అది బరువు. ఆ రెక్క వెనక ముఖం మధ్య భాగంలో 220తో కొద్దికొద్దిగా తీయండి. అంచుల నుంచి తీయకండి. ఎక్కడ ఆపినా అక్కడే నిలిస్తే తూకం కుదిరింది.

ఫ్యానుకు ముందున్నవి

ఫ్యాను ఎంత నున్నగా ఉన్నా దాని మీదికి చెదిరిన నీళ్లు వస్తే పని దండగ. గేరు పెట్టె మొన, దాని పైకి పోయే కాలు, అడుగున చేప రెక్కలా వేలాడే స్కెగ్, ఈ మూడింటి ముందు అంచులు చూడండి. పడవను ఇసుక మీదికి లాగేటప్పుడు స్కెగ్ మొదట తగులుతుంది. వంకర పోయిన స్కెగ్‌ను తిన్నగా చేయించి, లేచిన రంగు పెచ్చులు గీకి, గుంటలు రెండు డబ్బాల ఎపాక్సీ పుట్టీతో నింపి 220తో రుద్దండి. నీళ్లు పీల్చే జల్లెడ రంధ్రాలు పుట్టీతోనో రంగుతోనో పూడకూడదు, పూడితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది.

పొగ ఫ్యాను మధ్య నుంచి పోయే ఇంజన్లలో, ఫ్యాను వెనక చివర బూరలా విచ్చుకున్న అంచు ఉంటుంది. అది పగిలితే పొగ రెక్కల మీదికి తిరిగొచ్చి, రెక్కలు నీటికి బదులు గాలిని కోస్తాయి. ఇది కావిటేషన్ కాదు, గాలి పట్టడం. నునుపు దీన్ని బాగుచేయదు, అంచు బాగుచేయాలి. ఇంజను ఎత్తు కూడా ఇదే కోవ: అడ్డ పలక పడవ అడుగుకు సమంగానో, ఒక అంగుళం లోపు కిందికో ఉండాలి. పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజన్లలో ఫ్యాను నీటి పైభాగానికి దగ్గరగా తిరుగుతుంది కాబట్టి ముందు షాఫ్టు కోణం, బుష్ అరుగుదల చూసుకున్నాకే రెక్కల పని. వాటికి వేసే పోత ఫ్యానుల మీద ఇసుక అచ్చు గరుకు అలాగే ఉంటే, 120 నుంచి మొదలుపెట్టక తప్పదు.

పడవ అడుగున ఇంజనుకు ముందున్న ఒకటిన్నర మీటరు కూడా తడిమి చూడండి. ఫైబరు అతుకు గట్టులా ఆగిపోతే, దాని అంచును 120తో వాల్చి అడుగులో కలిపేయండి.

రంగు

బోసి అల్యూమినియాన్ని ఉప్పునీటిలో వదిలితే కొన్ని వారాల్లో గుంటలు పడి చేసిన పనంతా పోతుంది. కాబట్టి రంగు కావాలి. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచాక వేలితో ముట్టుకోకండి. ఈ పని రేవు మీద చేయకండి. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది, రంగు కింద ఉప్పు చేరితే నీరు పీల్చుకుని బొబ్బలు లేస్తాయి. ఊళ్లో గది లోపల, ఉదయం పూట చేయండి. మే నెల మధ్యాహ్నపు వేడిలో స్ప్రే రంగు రెక్కను చేరకముందే సగం ఆరి, గరుకుగా కూర్చుంటుంది.

అల్యూమినియానికి సరిపడే ఎచ్ ప్రైమరు ఒక పలుచని పూత, ఆపైన రంగు రెండు పలుచని పూతలు. ముక్కుకు మాస్కు ఉండాలి. మందంగా వేస్తే అంచుల దగ్గర చుక్క కట్టి వెనకంచు గుండ్రమవుతుంది. పాత రంగు మీద రంగు వేసుకుంటూ పోయిన ఫ్యానుల్లో ఇదే రోగం. ఒక రోజు ఆరాక 600తో, నీళ్లతో, బత్తాయి తొక్కలాంటి ఎగుడుదిగుడు పోయేదాకా తేలిగ్గా రుద్దండి. జింకు దిమ్మె మీద రంగు పడకూడదు, పడితే అది పనిచేయదు. సగం అరిగిన దిమ్మెను మార్చేయండి.

రాగి కలిసిన పాచి నిరోధక రంగును అల్యూమినియం మీద వేయకండి. రాగి, అల్యూమినియం ఉప్పునీటిలో కలిస్తే అల్యూమినియం తినబడుతుంది. ఫ్యాను మీద వేసే సిలికాన్ పూతలు గుల్లలు పట్టకుండా ఆపుతాయి, అంతే. భావనపాడు ఉప్పుటేరు లాంటి చోట లంగరు మీద ఉండే బోట్లకు అవి పనికొస్తాయి. రోజూ ఇసుక కెరటాలు దాటే తెప్పకు వేస్తే కొన్ని రోజుల్లో అంచుల దగ్గర ఊడిపోతాయి, డబ్బు దండగ. మైనం కూడా అంతే.

బిగించి, మళ్లీ కొలవడం

షాఫ్టు పళ్లకు నీటికి కరగని గ్రీజు రాసి, ఫొటో చూసి వాషర్లు వరసలో వేయండి. నట్టును ఇంజను పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించాక పిన్ను రంధ్రం కుదరకపోతే, ఇంకొంచెం బిగించి కుదర్చాలి, వదులు చేసి కాదు. కొత్త స్టెయిన్‌లెస్ పిన్ను వేసి కొనలు వంచండి.

అదే సమయం, అదే బరువు, అదే దారి, మూడు జతలు. చుట్లు కాస్త, వేగం కాస్త పెరిగితే పని ఫలించింది. చుట్లు బాగా పెరిగి వేగం పెరగకపోతే, వ్యాసమో కప్పో పోయింది, లేదా రబ్బరు జారుతోంది, లేదా గాలి పడుతోంది. ముందు గీసిన గీత చూడండి. చుట్లు తయారీదారు చెప్పిన హద్దు దాటితే పిచ్ (రెక్కల వాలు ప్రకారం ఫ్యాను ఒక్క చుట్టుకు ముందుకు పోవలసిన దూరం) ఒక అంగుళం ఎక్కువున్న ఫ్యాను కావాలి. ఒక అంగుళానికి సుమారు 150 నుంచి 200 చుట్లు తగ్గుతాయి. రెండూ మారకపోతే లోపం ఫ్యానులో లేదు. పడవ అడుగు, ఫైబరు లోపల చేరిన నీటి బరువు, కార్బురేటరు వైపు చూడండి. వణుకు కొత్తగా వస్తే వెంటనే ఒడ్డుకు వచ్చి తూకం మళ్లీ చూడండి.

తరవాత ఇసుక ఎలాగూ తన పని తాను చేస్తుంది, ముందంచు రంగు మొదట పోతుంది. రంగు పెచ్చు లేచిన చోట చిన్న మెట్టు ఏర్పడి నీటిని చెదరగొడుతుంది. పదిహేను రోజులకు ఒకసారి 400 ముక్కతో ఆ మెట్టును వాల్చేయండి, రెక్కకు రెండు నిమిషాలు చాలు. ఒడ్డుకు వచ్చేటప్పుడు కెరటం వీపు మీద వచ్చి, నీళ్లు మోకాలి లోతుకు రాకముందే ఇంజను ఆపి పైకి లేపండి. ఇసుక నీళ్లలో పూర్తి థ్రాటిల్‌తో ఒక నిమిషం తిరిగితే, లోతు నీళ్లలో రోజంతా తిరిగినా అరగనంత అరుగుతుంది.